విరగని పాలు

తెల్లవారుజామున వానలోనే మా ఆర్మీ ట్రక్కు చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద ఆగింది. రోడ్డు మీద నడుంలోతు నీళ్లు. రెండు పడవలు, తాళ్లు, ఒక రేడియో సెట్టు దించాం. వరద డ్యూటీ. ఎడారి చూశాను, మంచు చూశాను. ఈసారి నా సొంత బస్తీకే పంపారు.

ఫలక్‌నుమాలో ఒక ఫంక్షన్ హాలు డాబా మీద మా పోస్టు. నేను రేడియో ఆపరేటర్ని. అక్కడి నుంచి మా ఇల్లు, కింద మా పాల దుకాణం కనిపిస్తాయి.

"పోస్టు వదిలి ఎవడూ కదలొద్దు," అన్నాడు హవల్దార్, నా మొహం చూస్తూనే. ఇంటి పక్కకొచ్చీ ఇంటికి పోలేని నౌకరీ. ఒళ్లు మండింది.

నీళ్లు మోకాళ్లకు దిగాక చూస్తే గల్లీలో కరెంటు తీగ తెగి వేలాడుతోంది. బాపు నడుచుకుంటూ వచ్చి కింద నిలబడి అరిచాడు.

"ఫ్రీజర్ల పాలు, పనీర్ అంత ఖరాబైతది రా. ఎల్లుండి వలీమా దావత్ ఆర్డర్ ఉన్నది. డీజిల్ తెచ్చి జనరేటర్ ఏస్త."

"బాపూ, ముందుగాల మెయిన్ బంద్ చెయ్యి. లేకుంటే కరెంట్ ఉల్టా స్తంభం మీదికి పోతది. లైన్‌మన్ ఎక్కుతడు!"

"గది నాకు తెల్వదా? ఫికర్ చెయ్యకు."

మధ్యాహ్నం లైన్‌మన్ సలీం భాయ్ వచ్చాడు. ఏళ్ల తరబడి మా దుకాణంలోనే పాలు తీసుకునే మనిషి. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజులు పీకాడు. 'పని నడుస్తోంది, స్విచ్ వేయొద్దు' అనే బోర్డు తగిలించాడు. తీగకు టెస్టర్ పెట్టి చూశాడు. కరెంటు లేదు. నాకు చెయ్యి ఊపి స్తంభం ఎక్కాడు.

తీగను రెండు చేతులా పట్టుకున్నాడో లేదో, మా జనరేటర్ చప్పుడు వినిపించింది. రెండుసార్లు దగ్గి అందుకుంటుంది అది. చిన్నప్పటి నుంచీ తెలుసు నాకు.

"బంద్ చెయ్యి బాపూ! బంద్!"

వానలో ఎవరికి వినబడుతుంది? సలీం భాయ్ కనీసం అరవలేదు. ఒళ్లంతా వణికి, నడుముకున్న బెల్టు మీద వాలిపోయాడు.

పోస్టు వదిలి పరిగెత్తాను. ఇంట్లో మెయిన్ బంద్ చేసే ఉంది. బాపు అబద్ధం చెప్పలేదు. కానీ మా గల్లీలో ఒక ఫేజు పోతే ఇంకోదాని మీద నడుపుకోవడానికి ఇంటింటా ఒక అడ్డదారి వైరు ఉంటుంది. మాది దుకాణం మీటరు నుంచి గుంజింది. బాపు దాన్ని మరిచాడు. దుకాణం మెయిన్ ముట్టుకోలేదు. ఇంటి బోర్డుకు కలిపిన జనరేటర్ కరెంటు ఆ వైరు గుండా దుకాణంలోకి, అక్కడి నుంచి బయటి స్తంభం మీదికి పోయింది. జనరేటర్ ఆపి వైరు పీకేశాను. డాబా మీదికి తిరిగొచ్చి రేడియో అందుకున్నాను.

"ఒక మనిషి పోయాడు. బాడీ దించాలి. ఓవర్."

"దించండి. అవుట్."

ఏ వైరో హవల్దార్‌కు చెప్పాను, పోలీసులకు చూపించాను. విచారణలో మాత్రం గ్లౌజులు వేసుకోకపోవడం సలీం భాయ్ తప్పని రాశారు. డిపార్ట్‌మెంటు అసలు ఇస్తే కదా వేసుకోవడానికి! చచ్చినవాడి మీద రాయడం ఎంత సులువో.

వాపసు పోయే రోజు ట్రక్కు మా గల్లీ ముందు ఆగింది. బాపు స్టీలు గ్లాసుతో ఎదురొచ్చాడు.

"తాగు బిడ్డా. సలీం ఇంటికి గూడ గివ్వే పాలు పంపిన, చాయ్‌కి. జనరేటర్ మల్ల ఏసిన, ఒక్క చుక్క ఇరగలే."

నేను తాగలేదు. ట్రక్కు కదిలింది. ఇప్పుడు పెన్షన్ తీసుకుంటూ అదే దుకాణంలో కూర్చుంటున్నాను. బాపు లేడు. కానీ ఎవరు గ్లాసు చాపినా నాకు బాపు చెయ్యే కనిపిస్తుంది. చల్లటి గ్లాసు మీద నీటి బొట్లు, దాని వెనక, బాడీ దించడానికి మేం కోసిన బెల్టు స్తంభానికి వేలాడుతూ.