రాధాబాయి తప్పులు

మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ మీద వచ్చిన నవలను రాధాబాయి నాటకంగా మలిచి పాటలు రాస్తే, పోశయ్య బాణీలు కట్టాడు. బోధన్ జనం ఆ నాటకమంటే పడిచస్తారు. చివరి పాట పోశయ్యే పాడేవాడు, ఎవరికీ నేర్పకుండా, ఫోన్లో రికార్డు చేయనివ్వకుండా. అందరూ దాన్ని నిష్ఠ అన్నారు. అది వట్టి మొండితనం. ఇప్పుడు పక్షవాతంతో ఆయన మాట పడిపోయింది, ఆదివారమే ప్రదర్శన. రాధాబాయి రోజూ మంచం పక్కన కూర్చుని, కొంగు వేలికి చుట్టుకుంటూ, ఆ చివరి పాటను గుర్తున్నంత పాడుతుంది. బాణీ తప్పితే ఆయన ఎడమచేత్తో మంచంపట్టె మీద కొడతాడు. ఆమె దిద్దుకుని మళ్లీ పాడుతుంది. "కొట్టు అన్నా, నా పాటలను గింతకన్న ఎక్కువనే తిట్టినవ్." ఇవాళ దెబ్బ పడలేదు. ఆమె కావాలనే అపస్వరం తీసింది. అయినా పడలేదు. "తప్పు పాడుతున్న అన్నా, కోపం రాదా?" పోశయ్య కళ్లు మూసుకుని, తాను కట్టిన బాణీయే వింటున్నట్టు మెచ్చుకోలుగా తలూపుతున్నాడు.