పెడలు మీద నా కాలు

పెళ్లయిన కొత్తలో మేము మాచర్లలో ఉండేవాళ్లం. ఆయనకొక పాత కారుండేది. దాన్ని డ్యాము పనుల దగ్గర ఒక కాంట్రాక్టరుకు బాడుగకు తిప్పేవాడు. మాచర్లకూ డ్యాముకూ పెద్ద దూరమేమీ లేదు. బస్సెక్కితే పొద్దుటి కాఫీ వేడి నోట్లో ఉండగానే చేరిపోవచ్చనేది మా అత్త. అయినా ఆయన ఇంటికి రావడం గగనం. ఇంజనీర్లకు పగలంటే పగలు, రాత్రంటే రాత్రి కారు కావాలి. డ్రైవరు అక్కడే షెడ్డులో పడుకోవాలి. నేను ఆదివారం చర్చికి వెళ్లి, ప్రార్థన నడుస్తున్నంతసేపూ రోడ్డు మీది హారన్లు వింటూ కూర్చునేదాన్ని. అన్ని హారన్లలో ఆయనది నాకు తెలిసిపోయేది.

ఒక ఎండాకాలం ఆయన చెప్పా పెట్టకుండా వచ్చాడు. డ్యాము రోడ్డు దిగుడులో కారు వెనక చక్రం దగ్గర బ్రేకు ఆయిల్ కారిందట. బస్టాండు పక్కన షెడ్డు నడిపే సాయిబు ఆ చక్రంలో సిలిండర్ మార్చాడు. మార్చాక పెడలు నొక్కితే మెత్తగా, పత్తి మూట మీద కాలేసినట్టు ఉందట. సాయిబు షెడ్డులో లారీ ఒకటి విప్పి ఉంది. అందుకని ఈయన కారు ఇంటికే తెచ్చి వాకిట్లో పెట్టాడు.

"గొట్టాల్లో గాలి చేరింది. తియ్యాల. ఒకరు పెడలు కొట్టాల, ఒకరు కింద చూడాల. రా, నువ్వు కూర్చో" అన్నాడు నాతో.

అత్త గుమ్మంలో చేటతో నిలబడి, "ఆడమనిషి డ్రైవరు సీట్లో కూర్చుంటే వీధిలో ఏమనుకుంటారురా?" అంది.

"ఏమనుకుంటారు, బ్రేకు బాగుచేయించుకుంటన్నాడనుకుంటారు."

నేను కూర్చున్నాను. సీటు మీద ఆయన కూర్చునేచోట తోలు నలిగి గుంటపడి ఉంది. ఆ గుంటలో సర్దుకుని కాలు పెడలు మీద పెట్టాను. ఆయన వెనక చక్రం దగ్గర నేల మీద పడుకున్నాడు. చిన్న రబ్బరు గొట్టం ఒక కొస చక్రం వెనకున్న చిన్న నట్టుకు తగిలించి, రెండో కొస అడుగున ఆయిల్ పోసిన గాజు సీసాలో ముంచాడు.

"కొట్టు. కొట్టు. పట్టు, వదలమాక."

పట్టుకున్నాను. ఆయన నట్టు వదులు చేయగానే నా కాలి కింద పెడలు దిగింది. సీసాలో బుడగలు లేచిన చప్పుడు నాకు సీట్లోకి వినబడింది. నట్టు బిగించి, "వదులు" అన్నాడు. అలా ఒక్కో చక్రం దగ్గరికీ జరుగుతూ పోయాడు. నాకు ఆయన మొహం కనబడేది కాదు, మాట మాత్రమే వినబడేది. అంతసేపు నాతోనే మాట్లాడిన రోజు అంతకుముందు లేదు. పని తొందరగా అయిపోకూడదని ఉంది నాకు.

బుడగలు ఆగాయి. పెడలు గట్టిపడింది. ఆయన బావి దగ్గరికెళ్లి చేతులు కడుక్కుంటున్నాడు. నేను దిగలేదు. కాలు పెడలు మీదే ఆనించి, "ఆదివారం దాకన్నా ఉంటావా?" అని అడిగాను.

"రేపు పొద్దున్నే ఇంజనీరు గారి వాళ్లను రైలుకు దింపాల."

అప్పుడు కాలి కింద ఏదో తేడాగా అనిపించింది. నేను నొక్కడం లేదు, ఊరికే ఆనించాను. అయినా పెడలు మెల్లగా కిందికి పోతోంది.

"ఏమయ్యా, ఇది దిగుతంది."

"నువ్వు నొక్కుతున్నావులే."

"నొక్కట్లా. దానంతట అదే పోతంది. నువ్వే చూడు."

తడి చేతులతోనే వచ్చి కూర్చున్నాడు. గట్టిగానే ఉందన్నాడు. "అట్టే ఉంచు, తీయమాక" అన్నాను. ఉంచాడు. కాసేపటికి ఆయన మోకాలు ముందుకు జరగడం ఇద్దరం చూశాం. మళ్లీ రెండు మూడుసార్లు కొడితే పైకి లేచింది, ఆనించి ఉంచితే దిగిపోయింది.

నాలుగు చక్రాలూ తడిమాడు. పొడిగా ఉన్నాయి. గొట్టాల వెంట చేత్తో రాసుకుంటూ పోయాడు. చుక్క లేదు. ఆయిల్ డబ్బా మూత తీస్తే పోసింది పోసినట్టే ఉంది. సాయంత్రం సాయిబు వచ్చి చూశాడు.

"బయటికి కారకపోతే లోపల్లోపలే దాటిపోతంది తమ్ముడూ. పెడలు తోసేది మాస్టర్ సిలిండర్ని, అది చూడాల" అని, దానిలోంచి చక్రాలకు పోయే గొట్టం విప్పి, ఆ రంధ్రంలో ఒక బోల్టు బిగించాడు. ఇప్పుడు ఆయిల్ చక్రాల వైపు పోయే దారే లేదు. లోపలి గాలి తీసేసి నన్నే కాలు ఆనించమన్నాడు. పెడలు మళ్లీ దిగింది.

"తేలిపోయింది. దోషం దీంట్లోనే."

సిలిండర్ ఊడదీసి లోపలి రబ్బరు వాషర్ నా అరచేతిలో పెట్టాడు. దాని అంచు ఒకచోట చిరిగి ఉంది. చానా ఏళ్లు పెడలు సగం వరకే దిగేదని, అవతలి సగంలో తుప్పు పట్టిందని, ఇప్పుడు గాలి తీయడానికి అడుగంటా నొక్కేసరికి రబ్బరు ఆ తుప్పు మీద రాసుకుని తెగిందని చెప్పాడు. ఈయన మొహం తెల్లబోయింది.

"రేపు దిగుడులో ఏమయ్యుండేదో" అన్నాడు.

"ఇయ్యాల వాకిట్లో అయింది. అది చూసుకో" అన్నాడు సాయిబు.

ఆ వాషర్ గుంటూరు నుంచి రావాలి. బస్సు డ్రైవరుతో కబురు పంపారు. ఇంజనీరు గారి వాళ్లకు వేరే బండి కుదిరింది. వాషర్ వచ్చేదాకా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. పొయ్యి దగ్గర పీట వేసుకుని, నేను జొన్నరొట్టె తట్టి పెనం మీంచి తీస్తుంటే తీసింది తీసినట్టే తినేవాడు. పెంకు జారిన చోట ఇంటికప్పు సర్దాడు. ఆదివారం చర్చికి నా వెంట వచ్చి మగవాళ్ల వైపు కూర్చుని, పాటలో ఒక మాట ముందు, ఒక మాట వెనకా పాడాడు. ఆ రోజు రోడ్డు మీద ఎన్ని హారన్లు మోగాయో నాకు తెలియదు.

ఆ వాషర్ బస్సులో రానే వచ్చింది. సిలిండర్ లోపల సానబట్టి, కొత్త రబ్బరు వేసి బిగించారు. మళ్లీ గాలి తీశాం. చివరికి, "ఆనించి పట్టు" అన్నాడు సాయిబు. పట్టుకున్నాను. పెడలు రాయిలా నిలబడింది. వాళ్లిద్దరూ సంతోషంగా చూస్తున్నారు. నేను మాత్రం అది కొంచెమన్నా దిగుతుందేమోనని కాలు తీయకుండా చాలాసేపు కూర్చున్నాను.

"చాల్లే, దిగు" అన్నాడు ఆయన నవ్వుతూ.

ఆ సాయంత్రమే వెళ్లిపోయాడు. డ్యాము పని తగ్గాక కారు అమ్మేసి, దాచేపల్లిలో సున్నపురాయి లారీ తోలాడు. అక్కడ రోజూ పొద్దుగూకేసరికి ఇంటికొచ్చేవాడు, బట్టల నిండా తెల్లటి దుమ్ముతో. కోరుకున్నది దొరికిందనే చెప్పాలి. ఇప్పుడాయన లేడు. ఆయన గుర్తొస్తే రోజూ ఇంటికొచ్చిన ఆ లారీ డ్రైవరు కంటే ముందు, వాకిట్లో కారు కింద పడుకున్న మనిషే గుర్తొస్తాడు. మొహం కనబడదు. "పట్టు, వదలమాక" అన్న గొంతు మాత్రం వినబడుతుంది.