గన్నేరు పూల నీళ్ళు

మొన్న మంగళవారం తెల్లవారుతుండగా పక్కింటి పిన్ని గారు గోడ మీదుగా కేకేశారు. "అమ్మాయ్, మీ బాబాయి లేవట్లేదే!" వెళ్ళి చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. పర్చూరులో మేం అద్దెకు దిగిన ఈ ఆరేళ్ళూ ఆయన మా పక్కింటాయన. చుట్టరికం లేదు, పిలుపే. ఆయనతో అనాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

మిరప, పత్తి వేసేవారు. గొంతు పెద్దది. పొద్దున్నే ఆయన పొలానికి బండి తీయడం, మా నల్లపిల్లి కాటుక అడ్డంగా రావడం రోజూ ఉండేదే. "ఏమే, మళ్ళీ తయారయ్యావా!" అని వీధంతా వినపడేలా తిట్టి, బండి దిగి, అరుగు మీద కాసేపు కూర్చుని, చెంబెడు నీళ్ళు తాగి బయల్దేరేవారు. నేను నవ్వితే, "మిరప వేసినవాడు అన్నిటికీ దణ్ణం పెట్టాలమ్మాయ్. పురుగు దేన్ని చూసి ఆగుతుందో ఎవడికి తెలుసు?" అనేవారు. వాళ్ళ పెరట్లో పురుగుమందుల గదికి ఎప్పుడూ తాళమే. తాళంచెవి ఆయన మొలతాడుకు ఉండేది.

మేం వచ్చిన రెండో శ్రావణంలో, ఓ శుక్రవారం, కొత్తగా కొన్న వెడల్పాటి ఇత్తడి గిన్నెలో నీళ్ళు పోసి, మా పెరటి ఎర్రగన్నేరు పూలు తేలేసి గుమ్మం పక్కన పెట్టాను. వచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటుంటే నాకు గర్వంగానే ఉంది. మధ్యాహ్నానికి కాటుక మెట్ల మీద పడి ఉంది. నోటి వెంట నురగ, ఆగని వాంతులు. అంతకు ముందురోజే ఆయన చేనుకి పురుగుమందు కొట్టి వచ్చి పెరట్లో స్ప్రేయరు ట్యాంకు కడగడం చూశాను. ఇంకేం ఆలోచించలేదు. వీధిలోకి వచ్చి అరిచాను.

"మీ మందేగా! రోజూ ఎదురొస్తోందని పెట్టేశారా?"

ఆయన అన్నం ముందు నుంచి లేచి వచ్చారు. గొంతుక్కూర్చుని పిల్లి మూతి దగ్గర వాసన చూశారు. "మందు కాదిది. ఆ వాసన నాకు తెలుసు" అన్నారు. ఎవరో చింతపండు రసం పట్టమన్నారు. "నోట్లో ఏమీ పొయ్యొద్దు!" అని గర్జించారు. అప్పుడు చూశారు, దాని గడ్డం కింద అంటుకున్న ఎర్ర రేకును. తర్వాత గుమ్మం వైపు చూశారు.

"ఆ నీళ్ళు తాగింది. మేక కూడా వాసన చూసి వదిలేసే మొక్కమ్మాయ్ అది! నానబెట్టి గుమ్మంలో పెడతావా?"

చిన్నప్పటి నుంచీ దేవుడికి కోసిన పూలవి. మా వైపు విషమంటే మూత ఉన్న డబ్బాలో ఉంటుందనే అనుకుంటాం.

ఆయన గిన్నెలోని పూలు నాలుగు కవర్లో వేసుకున్నారు. "డాక్టరుకి చెబితే చాలదు, చూపించాలి" అంటూ బండి తీశారు. తువ్వాల్లో చుట్టిన పిల్లిని ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాను. ప్రతి గతుకు దగ్గరా వెనక్కి తిరగకుండానే అడిగేవారు.

"ఊపిరుందా?"

"ఉందండీ."

కొంత దూరం పోయాక మళ్ళీ, "ఉందా?"

ఒకసారి నేను వెంటనే చెప్పలేకపోయాను. ఆయన ఇంకేం అడగకుండా వేగం పెంచారు.

పశువుల డాక్టరు పూలు చూసి, చెవికి గొట్టం పెట్టుకుని చాలాసేపు విన్నాడు. గుండె తప్పి తప్పి కొట్టుకుంటోంది, సాయంత్రం దాకా ఏమీ చెప్పలేనన్నాడు. బాబాయి గారు బెంచీ మీద నా పక్కనే కూర్చున్నారు. ఆయన గోళ్ళల్లో పప్పన్నం ఎండిపోయి ఉంది. అది చూస్తూ కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళకి కాటుక తల ఎత్తింది.

మర్నాడు పిన్ని గారు చెప్పారు. పత్తి దెబ్బతిన్న ఓ ఏడాది ఆయన అన్నగారు ఆ పురుగుమందుల గదిలోనే మందు తాగి పోయారట. తాళం అప్పటి నుంచే. నేను వీధిలో నిలబడి ఏ మనిషిని ఏమన్నానో అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

తప్పయిందని చెప్పడానికి వెళితే, నన్ను నోరు తెరవనివ్వకుండా గొడ్డలి పట్టుకుని మా పెరట్లోకి వచ్చేశారు. గన్నేరు కొట్టేసి, "కొమ్మలు కాల్చేవు, పొగ కూడా మంచిది కాదు" అని తానే పాతిపెట్టారు. ఆ తర్వాత మొక్కల బండి వీధిలోకొస్తే నాకంటే ముందు ఆయనే అడ్డంపడి, పశువుల డాక్టరు చెప్పిన పేర్లన్నీ అప్పజెప్పేవారు. "ఇక్కడ పిల్లుందయ్యా. బొకేల్లో పెట్టే ఆ పెద్ద లిల్లీలొద్దు, ఈతాకుల్లా ఉండే ఆ సైకస్ వద్దు, ఎడారి గులాబీ వద్దు. మల్లెంటు ఉందా?" గోడ మీద ఒక మట్టిమూకుడు పెట్టారు. కాటుక ఎదురొచ్చినప్పుడల్లా తిట్టడం మానలేదు. కూర్చుని చెంబులో నీళ్ళు తాను సగం తాగి, మిగతా సగం ఆ మూకుట్లో పోసేవారు. తప్పయిందన్న నా మాట మాత్రం ఇవాళ కాదు రేపంటూ నా దగ్గరే ఉండిపోయింది.

మొన్న మంగళవారం మధ్యాహ్నం పాడె ఎత్తారు. గేటు దాటబోతుంటే కాటుక గోడ దిగి అడ్డంగా వచ్చింది. "ఛీ, తోలండి దాన్ని!" అన్నారెవరో. ఇంకెవరో కర్ర ఎత్తారు.

"ఆగండి!" పిన్ని గారి గొంతు. "ఆయనెప్పుడూ ఆగేవారు. నీళ్ళు తాగి వెళ్ళేవారు."

మోసేవాళ్ళు ఆగిపోయారు. నేను చెంబుతో నీళ్ళు తెచ్చి మూకుట్లో పోశాను. "తప్పయిపోయింది బాబాయి గారూ" అన్నాను, ఆ రోజు లాగే వీధంతా వినపడేలా. కాటుక గోడెక్కి తాగడం మొదలుపెట్టింది. అది తాగినంతసేపూ ఆయన నలుగురి భుజాల మీద ఆగే ఉన్నారు.