ఫిల్మ్‌నగర్‌లో రెండో కప్పు దగ్గర విశ్రాంతి

సినిమా మాట నేర్చిన తొలినాళ్లలో అమెరికాలో తీసిన ఒక ప్రణయ హాస్య చిత్రాన్ని, దాని దర్శకుణ్ణి, మన సినిమా పుట్టే కొండమీదనే పదిమందితో కలిసి గౌరవించుకున్న సుదినమిది. జీవితమంతా కావ్యపాఠం చెప్పిన నేనే ఆ చిత్రాన్ని ఎంచాను. పరిచయ ప్రసంగమూ నాదే.

ఆదివారం నాలుగింటికి మోతీనగర్‌లో ఆటో ఎక్కాను. యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ మీదుగా ఫిల్మ్‌నగర్ ప్రివ్యూ థియేటర్‌కు ముప్పావుగంట, అరవై రూపాయలు.

"పాటలు, ఫైట్లు లేవా సార్? మరి జనం కూసుంటరా?" అన్నాడు డ్రైవరు. నా భయమూ అదే.

నెలనెలా ఈ ప్రదర్శనలు జరిపే నిర్వాహకుడు సుబ్బారావు గుమ్మంలోనే ఎదురయ్యాడు. "మాస్టారూ, ఇంటర్వెల్ తర్వాత సగంమందైనా మిగలాలండీ. లేకపోతే వచ్చే నెల నుంచి హాలివ్వనన్నారు ఓనరుగారు."

లోపల నలభైమంది. హైటెక్ సిటీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు కొందరు. ఇంగ్లీషు అంతగా రాని కృష్ణానగర్ సహాయ దర్శకులే ఎక్కువ.

ప్రొజెక్టర్ నడిపే యాదగిరి తల గోక్కున్నాడు. "సార్, గీ సినిమాల ఇంటర్వెల్ లేదు. ఏడ ఆపాలె?"

"ఆపకుండా నడపరాదా?"

"చాయ్ లేకుంటే మనోళ్లు మధ్యల్నే లేస్తరు సార్."

ఆలోచించి చోటు చెప్పాను. నాయికానాయకులు గదిలో పోట్లాడుకుంటుంటారు. కెమెరా మూసిన తలుపు బయటే ఉంటుంది. ఒక్క కప్పు కాఫీతో సేవకుడు నిలబడి ఉంటాడు. అరుపులు ఆగిపోతాయి. అతడు చెవి ఒగ్గి విని, వెనక్కి వెళ్లి రెండో కప్పు తెస్తాడు, తలుపు తట్టబోతాడు. మాట కొత్తగా చేతికందిన కాలంలో మౌనం చేత మాట్లాడించాడా దర్శకుడు! చెప్పక స్ఫురింపజేసే ఆ విద్యను మన ఆలంకారికులైనా తలవంచి మెచ్చవలసిందే.

అక్కడే విశ్రాంతి పడింది. అందరూ చాయ్ బండికి కదిలారు. నేను కుర్చీ వదలలేదు. ఐదు నిమిషాలైనా కాలేదు, యాదగిరి నవ్వుతూ వచ్చాడు.

"సార్, చాయ్ బండాయన లొల్లి చేస్తుండు. గ్లాసులు పట్టుకొనే లోపలికొచ్చిండ్రు అందరు!"

"అన్నా, జల్ది తలుపు తెరువు!" వెనుక వరుసలో ఒక సహాయ దర్శకుడు కేకేశాడు.

తెరమీద తలుపు జానెడు తెరుచుకుంది. ఒక గాజుల చేయి రెండు కప్పులూ అందుకుంది. తలుపు మళ్లీ మూసుకుంది. హాలంతా ఈలలు! గ్లాసుల్లో చాయ్ చల్లారిపోయినా చివరిదాకా ఒక్కరూ లేవలేదు.

"వచ్చే నెల ఏ సినిమా అండీ?" అన్నాడు సుబ్బారావు.

దేశమేదైనా రసికుడి మనసు ఒక్కటేనని ఇన్నేళ్లు పుస్తకాలలో చెప్పాను. ఆ సాయంత్రం కళ్లారా చూశాను. వెళ్లదలచినవారికి ఒక మాట: తిరుగు ఆటోలు కొండమీద అరుదు, కృష్ణానగర్ దాకా నడిచి దిగండి. గ్లాసులతో పరుగెత్తి వచ్చిన ఆ బిడ్డలకు చెప్పక చెప్పే నేర్పు అబ్బుగాక! వారి చిత్రాలు చూసేవారి చేతుల్లోనూ చాయ్ ఇలాగే చల్లారిపోవుగాక!