పెళ్ళికి ముందు తడవాల్సిన దేవుడు

మొన్న మెల్‌బోర్న్‌లోనే, క్లేటన్‌లో పాత సామాన్ల దుకాణానికి వెళితే, కిరీటం పెట్టుకుని ఎర్ర అంగీ తొడుక్కున్న బాలయేసు బొమ్మ ఒకటి కనిపించింది. ముప్పై దాటగానే నాలాగే ‘మా రోజుల్లో’ అని మొదలుపెట్టే మీకు ఈ సంగతి చెప్పాల్సిందే.

ఇక్కడ యూనివర్సిటీలో చదివేటప్పుడు అక్కా నేనూ అద్దెకున్నది ఒక ఐరిష్ ఆంటీ ఇంట్లో. పల్లెటూళ్ళో పుట్టి పెరిగిన ఆవిడ, శనివారం ఇల్లు మారకూడదనీ, ఒంటరిగా నిలబడ్డ ముళ్ళచెట్టును కొట్టకూడదనీ చెబుతుంటే, మా అమ్మమ్మే గౌను తొడుక్కుని వచ్చినట్టుండేది. తీసుకున్న హాలు చివరి నిమిషంలో చెయ్యిచ్చేసరికి, అక్క పెళ్ళి ఆవిడ పెరట్లోకి మారింది. పైన కప్పు లేదు, ఫోను చూస్తే వానంటోంది. తెనాలి నుంచి దిగిన అమ్మ, నేరస్థురాలు అక్కేనని వెంటనే పట్టేసింది.

“పచ్చి బియ్యం బొక్కకే, పెళ్ళిలో వాన పడుద్దీ అని మొత్తుకున్నా, విన్నావా?”

“చిన్నప్పుడు తిన్న బియ్యానికి మెల్‌బోర్న్‌లో వానేంటమ్మా?” అన్నాను.

“నువ్వు నోర్ముయ్యి. నీ పెళ్ళికి వరదే.”

నాకు నవ్వొచ్చింది గానీ, అక్క నిజంగానే ఏడ్చింది.

పెళ్ళి ముందురోజు సాయంత్రం పెరట్లో పొద కింద అలాంటి బాలయేసు బొమ్మే కనిపిస్తే, దేవుణ్ణి మంచులో వదిలేస్తారా అని అమ్మ విలవిల్లాడి, ఆయన్ని నాచేత లోపలికి తెప్పించి, కడిగి బొట్టు పెట్టి, వెంకన్న పక్కన కూర్చోబెట్టి అరటిపండు కూడా నైవేద్యం పెట్టింది. తెల్లవారేసరికి తుంపర. పూలివ్వడానికొచ్చిన ఆంటీ పూజగది చూసి తెల్లబోయింది. వాళ్ళ ఊళ్ళో పెళ్ళికి ముందురోజు ఆయన్ని బయట పెడితే మర్నాడు వాన పడదట. వాళ్ళమ్మ పెళ్ళికీ అలాగే పెట్టారట, అక్క కోసం తనే పొద కింద పెట్టిందట. అమ్మ లెంపలేసుకుంది. ఇద్దరూ ఆయన్ని బొట్టుతో సహా పొద దగ్గరికి పరిగెత్తించారు. అలవాటు కొద్దీ అమ్మ గొడుగు పట్టబోతే ఆంటీ లాగేసింది, ఆయన తడిస్తేనే పని చేస్తాడని.

జీలకర్ర బెల్లం వేళకు ఎండ వచ్చింది. పదింటికల్లా తగ్గుతుందని ఫోను ముందే చెప్పిందని నేనంటే ఎవరూ పట్టించుకోలేదు. నిజానికి అప్పటిదాకా నేనూ ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను.

ఇప్పుడు మనవాళ్ళ పెళ్ళిళ్ళన్నీ ఏడాది ముందే కుదుర్చుకున్న ఏసీ హాళ్ళలోనే. బయట ఎండో వానో ఎవరికీ తెలియదు. హాయిగానే ఉంది. కాకపోతే ఆవేళ తడిసిన చీరతో అమ్మా, తడిసిన గౌనుతో ఆంటీ ఒకరి చేతులొకరు పట్టుకుని ఎండలో నిలబడి ఆయనకి మొక్కుకున్నట్టు, వాన వెలిసినందుకు ఇప్పుడు ఎవరూ ఏ దేవుడికీ దండం పెట్టుకోనక్కర్లేదు.