తాడు రెండో కొస

మొన్న నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, అప్పుడే ఈనుతున్న వరిపైరు వాసన గుప్పున లోపలికి వచ్చింది. పచ్చిగా, కాస్త తియ్యగా ఉంటుంది ఆ వాసన. అది తగిలితే చాలు, నాకు గఫూర్ సారు గుర్తొస్తారు. మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. బక్కపలచటి మనిషి. కోపం వస్తే గొంతు పెంచేవారు కాదు, మాటలు తగ్గించేవారు. వ్యవసాయశాఖలో నా మొదటి పైఅధికారి. నాకు పని నేర్పిందీ ఆయనే, నన్ను ఏడిపించిందీ ఆయనే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు అది. అప్పట్లో ఎక్కడ విన్నా జపాను పద్ధతి వరి సాగు మాటే. నారును ఇష్టమొచ్చినట్టు గుచ్చకుండా, తాడు పట్టి వరసల్లో నాటించడం మా పని. నేను ఉద్యోగంలో చేరి ఏడాది కావస్తున్నా ఇంకా ఖాయం కాలేదు. ఆళ్లగడ్డ దగ్గర కాలువ కింద నేను నాటించిన మూడెకరాలు బాగుంటే ఖాయం చేస్తారు, లేకపోతే ఇంటికే. సరిగ్గా అప్పుడే జపాను నుంచి తనాక అనే ఒక పెద్దవయసు రైతు, దేశం తిరుగుతూ మా వైపు వస్తున్నారని కబురొచ్చింది. ఆయనకు ఊరూ పొలమూ చూపించే పని మా ఇద్దరి మీద పడింది.

నేను పెద్ద జాబితా రాసుకున్నాను. పత్తి మిల్లు, కాలువ, కొత్త ఆఫీసు, ఇంకా ఏవేవో. తనాక గారు నంద్యాలలో రైలు దిగగానే దాన్ని పట్టుకుని ముందు నడవబోతే, సారు నా భుజం పట్టి వెనక్కి లాగారు. "నువ్వేం చూపించద్దప్పా. ఆయప్ప యాడ నిలబడితే ఆడ చెప్పు, సాలు" అన్నారు. తనాక గారు మిల్లు వైపు తల కూడా తిప్పలేదు. ఇళ్లలో నేలకు పరిచే బేతంచెర్ల బండలు దించుతున్న చోట అరగంట నిలబడి, ఒక్కో బండనూ వేలితో తట్టి విన్నారు. జొన్నరొట్టె తడుతున్న ఒకావిడ ముందు చతికిలబడి, ఆవిడ చెయ్యి తిరిగినట్టే తన చెయ్యీ గాలిలో తిప్పారు. ఆవిడ నవ్వు ఆపుకోలేక ఒక రొట్టె మాడబెట్టింది. మా ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆయనది అంతకన్నా తక్కువ. అయినా ఆ పూట మాటకు కొరత రాలేదు. నంద్యాలలోనే పుట్టి పెరిగిన నేను, ఊరిని నింపాదిగా చూసింది ఆ రోజే.

మధ్యాహ్నం జీపులో ఆళ్లగడ్డకు బయలుదేరాం. దారి పొడుగునా నాకు ఒకటే భయం. ఎందుకో సారుకు తెలియదు. నాట్లప్పుడు ఆడవాళ్లు తాడు వద్దని మొండికేశారు. వాళ్లతో వాదించలేక, రోడ్డు మీంచి కనపడేంత మేర వరసల్లో నాటించి, వెనకంతా వాళ్ల ఇష్టానికి వదిలేశాను. అంతకుముందు వచ్చిన అధికారులంతా జీపులోంచే చూసి మెచ్చుకుని పోయారు. తనాక గారు మాత్రం చెప్పులు విప్పి గట్టెక్కి, ఈనుతున్న పైరు పక్కనే నడిచారు. వరసలు ఎక్కడ ఆగిపోయాయో సరిగ్గా అక్కడే ఆగారు.

సారు ఆ వంకర నాటును చూశారు, తర్వాత నన్ను చూశారు. "నిలబడినాడు. చెప్పు" అన్నారు.

నారు చాలలేదనీ, నీళ్లు ఆలస్యమయ్యాయనీ రెండు మూడు అబద్ధాలు నాలుక దాకా వచ్చాయి. సారు చూపు నా మీంచి కదల్లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. తనాక గారు ముఖం చిట్లించలేదు, నాటినవాళ్లను పిలవమన్నారు. గట్టు మీద గడ్డి కోస్తున్న నాగమ్మ వచ్చింది. నాటే ముఠాకు ఆమే పెద్ద.

"తాడు పట్టుకోను ఇద్దరు నిలబడాల గదా సామీ. ఆ ఇద్దరూ నాటేది ల్యాకపాయె. పొద్దుగూకేలోగా మడి అయిపోవాలంటారు. ఎట్లయితాది?" అంది.

వాళ్లను మొండివాళ్లని తిట్టుకున్నానే తప్ప, ఎందుకు వద్దంటున్నారని నేను ఒక్కనాడూ అడగలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. సారు సగం మాటలతో, సగం సైగలతో సంగతి చెబితే తనాక గారు చాలాసేపు తలూపారు. తమ ఊళ్లోనూ మొదట ఇదే తగువట. చివరికి పొలం గలాయనే దిగి తాడు పట్టుకోవాల్సి వచ్చిందట.

సారు తన నివేదికలో ముందున్న వరసల గురించీ, వెనకున్న వంకర గురించీ రెండూ రాశారు. ఇంటికి పంపలేదు గానీ, నా ఉద్యోగం ఖాయం కావడం ఏడాది వెనక్కి పోయింది. ఇంట్లో ముఖం చూపించలేకపోయాను. ఆయన మీద ఎంత మండిపడ్డానో చెప్పలేను. నెలల తరబడి అవసరానికి మించి పలకలేదు. ఆయనా నన్ను బుజ్జగించలేదు.

మరుసటి ఏడు నాట్ల నాడు పొద్దున్నే పోయేసరికి, గఫూర్ సారు ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి బురదలో నిలబడి ఉన్నారు. తాడు ఒక కొస ఆయన చేతిలో ఉంది. రెండో కొస నా వైపు విసిరారు. "పట్టుకో అప్పా. వాళ్లను నాటనీ" అన్నారు. నాగమ్మ ముఠా నాటుతుంటే ఇద్దరం వంగుతూ లేస్తూ తాడు జరిపాం. తాడు వదులైనప్పుడల్లా నన్ను తిట్టారు కూడా. రెండు రోజులకు మూడెకరాలూ చివరి గట్టు దాకా వరసల్లో నిలిచాయి. నడుం పడిపోయింది. ఆయన మీద కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేనూ అదే శాఖలో పెద్ద ఉద్యోగం దాకా వెళ్లి రిటైరయ్యాను. ఏ పొలం చూడబోయినా, జీపు ఆగగానే రోడ్డు పక్క మడిని వదిలేసి నేరుగా అవతలి గట్టుకు నడిచేవాణ్ని. నా కింద పనిచేసే కుర్రవాళ్లు అందుకు నన్ను లోలోపల తిట్టుకునేవాళ్లని తెలుసు. తిట్టుకోనీ అనుకునేవాణ్ని. తాడు రెండో కొస పట్టుకోవడానికి మాత్రం నాట్ల నాడు వాళ్లకన్నా ముందే పోయి బురదలో నిలబడేవాణ్ని.