గేదెను కట్టేసి గింజలు చల్లాం

కొవ్వూరు నుంచి మొగల్తూరు దాకా నేను వెళ్ళింది మా గేదె గౌరి కోసం. ఇంటింటికీ సెల్‌ఫోన్లు రాని రోజులవి. మా అరెకరం గడ్డి బీడులో స్టైలో అనే పప్పుజాతి మేత కలుపుదామని రెండేళ్ళు గింజలు చల్లాం. రెండేళ్ళూ నిలబడలేదు. వట్టి గడ్డి తిని గౌరి పాలు తగ్గించేసింది. ఈసారీ రాకపోతే అమ్మేద్దామన్నాను. దూడప్పటి నుంచీ పెంచిన మా ఆవిడ రమణ ఆ పూట అన్నం తినలేదు.

జూన్ మొదట్లో ఉదయం ఆరింటికి బస్సెక్కి, పాలకొల్లు మీదుగా పది దాటాక నరసాపురంలో దిగాను. అక్కణ్ణుంచి షేర్ ఆటోకి ఐదు రూపాయలు. "అందరూ సముద్రం చూడ్డానికొస్తారు, మీరు గడ్డి చూడ్డానికొచ్చారేంటండీ!" అని డ్రైవరు దారంతా నవ్వుతూనే ఉన్నాడు.

ఇసుక నేలలో స్టైలో పెంచుతున్న రైతు నాగమణిగారి బీడు ఊరి చివర ఉంది. గడ్డి దుబ్బుల మధ్య చిన్న పసుపు పూలతో మేత గుబురుగా ఉంది. చూడగానే అసూయ పుట్టింది, దాచడమెందుకు. ఆవిడ మజ్జిగ ఇచ్చి, "మీరెలా చల్లారండీ?" అనడిగారు.

"వరి కోతకు ముందు చేలో పశువుల మేతకి పిల్లిపెసర చల్లుతాం కదండీ, అలాగే. నడుమెత్తు గడ్డిలో చల్లేశాం. తొక్కేస్తుందని గేదెను దొడ్లో కట్టేశాం."

ఆవిడ నుదురు కొట్టుకున్నారు. "అయ్యో! వరినైతే నాలుగు రోజుల్లో కోసేస్తారు, మొలకకి ఎండ తగుల్తుంది. మీ గడ్డినెవరు కోశారండీ? ముందు గేదెను వదిలి నేలబారుగా మేపించండి. తర్వాత గొర్రుతో గీరి చల్లండి. మొలకలొచ్చాక గడ్డి వాటిని మించిపోతుంటే మళ్ళీ కాసేపు వదలండి."

ఏ గేదెను అమ్ముదామనుకున్నానో, మా బీడుకు కావలసింది అదే.

చీకటి పడేలోగా ఇల్లు చేరి, కాళ్ళైనా కడుక్కోకుండా గౌరి పలుపు విప్పాను. "అమ్మేస్తున్నారా?" అంది రమణ. "కాదే, పనిలో పెడుతున్నాను" అన్నాను. నాగమణిగారు చెప్పినట్టే మేపించి, గీరి చల్లాం; ఆ వానల్లో స్టైలో నిలబడింది.

మంచి చేస్తున్నాననుకునే గింజలకు కాసిన కాపలా మా ఇంట్లో గౌరినీ రమణనీ ఇద్దరినీ ఏడిపించింది. అది ఇప్పటికీ గుర్తొస్తుంది. ఈ పని నేర్చుకోవడానికి అటు వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: తొలకరికి ముందే వెళ్ళి చూసి రండి, ఇంటికొచ్చి గింజల సంచీ కంటే ముందు గేదె పలుపు విప్పండి.